విమానంలో కొలువులు, మగ్గం ఇళ్ల పిల్లలు
(దొడ్డబళ్లాపురం నుంచి వచ్చిన ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము చదివింది ఎనిమిదో తరగతి. మైకు ముందు మాట్లాడే అలవాటు తక్కువ. మా సంఘంలో లెక్కలు చెప్పడం, నూలు ఎంత వచ్చింది, చీరలు ఎన్ని మిగిలినాయి, ఇంతవరకే మాకు వచ్చు. నిర్వాహకులు కూడా పట్టునూలు ధర గురించే మాట్లాడమన్నారు. ఆ సంగతి మన తర్వాత మాట్లాడే పెద్దలు మాకంటే బాగా చెప్తారు. మేము వేరే సంగతి ఎత్తుకుంటాం. పోయిన సంవత్సరం మా సంఘంలో ఒక అప్పు గురించి పెద్ద రభస జరిగింది. ఇట్లాంటి రభస మీ ఊళ్లలో కూడా రేపో మాపో వస్తుంది. అందుకని చెప్తున్నాం.

మా ఊరికి దేవనహళ్లి దగ్గర. బెంగళూరు కొత్త విమానాశ్రయం 2008 మే నెలలో అక్కడ తెరిచారు. అప్పటినుంచి మా మిద్దెల మీదుగా విమానాలు పోతానే ఉంటాయి. మొదట్లో పిల్లలు మగ్గం గుంతలోంచి లేచి వీధిలోకి పరిగెత్తి చూసేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఎవరూ తలెత్తలేదు. మా ఊళ్లో ఇప్పుడు చేతి మగ్గాలకన్నా పవర్‌లూములు ఎక్కువ, ఆ చప్పుడులో ఈ చప్పుడు కలిసిపోయింది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు రెండు చప్పుళ్లూ ఒకేసారి ఆగినాయి. అప్పుడు మళ్లీ తలెత్తి చూశాం. ఆకాశంలో ఏమీ లేదు.

ఆ రోజులు మీకు చెప్పక్కర్లేదు. పెళ్లికి యాభై మంది కంటే ఉండకూడదన్నారు. పెళ్లిళ్లు లేకపోతే పట్టుచీర ఎవరికి? అల్లిన పడుగు అల్లినట్టే మగ్గం మీద దుమ్ము పట్టింది. కర్ణాటక ప్రభుత్వం చేనేతవాళ్లకి నేకార సమ్మాన్ అని రెండు వేల రూపాయలు ప్రకటించింది. కాదనం. కానీ రెండు వేలు ఎన్ని రోజులు వస్తుంది?

విమానాల వాళ్ల సంగతి అప్పుడు మాకు పట్టలేదు. తర్వాత తెలుసుకున్నాం. దేశం లోపల తిరిగే విమానాలు రెండు నెలలు పూర్తిగా ఆగినాయి. మే 25న మళ్లీ మొదలుపెట్టినప్పుడు కూడా మూడింట ఒక వంతుకే అనుమతి ఇచ్చారు. విదేశాలకు మామూలుగా పోయే విమానాలు 2022 మార్చి 27 వరకు రాలేదు, అంటే రెండేళ్లు. 2019లో దేశం లోపల విమానం ఎక్కినవాళ్లు 14 కోట్ల 40 లక్షలకు పైన. 2020లో 6 కోట్ల 30 లక్షలు. సగానికి సగం కూడా లేదు. ఇండిగో కంపెనీ ఆ ఏడాది జూలైలో పది మందిలో ఒకరిని తీసేస్తున్నామని బయటికే చెప్పింది. మిగతా కంపెనీల్లో జీతం కోతలు, జీతం లేని సెలవులు.

ఇక్కడ ఒక మాట గమనించండి. విమానంలో పనిచేసే పిల్లల జీతంలో కొంత భాగమే నెలకు ఖాయం. మిగతాది ఎన్ని గంటలు ఎగిరితే అంత. మన మజూరి లాంటిదే. చీర దిగితే డబ్బు, దిగకపోతే లేదు. మేము వాళ్లను చూసి నెల జీతం మారాణులు అనుకున్నాం. కాదు. విమానం నేల మీద నిలబడితే వాళ్లకీ మగ్గం ఆగినట్టే.

ఇప్పుడు మా అప్పు సంగతి.

2019లో మా సభ్యుడు ఒకాయన, మేమంతా చిన్నప్పటినుంచి ఎరిగిన మనిషి, సంఘం ఆఫీసుకి వచ్చినాడు. కూతురు పీయూసీ పాసైంది. బెంగళూరులో ఎయిర్ హోస్టెస్ కోర్సు చెప్పే సంస్థ ఒకటి లక్షా ఇరవై వేలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, సగం సంఘం పొదుపు నిధిలోంచి ఇవ్వండి అన్నాడు. రంగు రంగుల పుస్తకం ఒకటి చూపించినాడు. అందులో అమ్మాయిలు నవ్వుతా ఉన్నారు. మేము అరవై వేలు ఇచ్చాం. మిగతా అరవైకి ఆ తల్లి మెడలో గొలుసు కుదువ పెట్టింది.

నవంబరులో క్లాసులు మొదలు. నాలుగు నెలలు నడిచినాయి. నడక, నవ్వు, జుట్టు ముడి, లిప్‌స్టిక్, రెండు ముక్కల ఇంగ్లీషు. మార్చిలో తలుపు మూశారు. మళ్లీ తెరవలేదు. ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తరు. మేమే ఒకసారి పోయి చూశాం, ఆ మేడ మీద వేరే బోర్డు ఉంది.

ఆ అమ్మాయి ఇంటికి వచ్చి కండెలు చుట్టింది. తర్వాత మా ఊరి అపారెల్ పార్కులో గార్మెంట్స్‌కి పోయింది. అదే ఆగస్టులో మేము ఒక తప్పు చేశాం. అప్పు వాయిదా ఐదు నెలలు నిలిచిపోయిందని ఇద్దరు కమిటీ సభ్యులను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాం. మగ్గం ఆగి ఉంది. ఆ తల్లి మాకు కుర్చీలు వేసి, లోపలికి పోయి, రేషన్ కోసం పెట్టుకున్న పన్నెండు వందలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మేము రసీదు రాసి తీసుకున్నాం. తీసుకోకుండా వచ్చి ఉండొచ్చు. నియమం ఉంది కదా అనుకున్నాం. ఆ రసీదు పుస్తకం ఇంకా మా బీరువాలో ఉంది.

రెండేళ్లు గడిచినాయి. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి పోయింది. ఆగస్టులో ఆకాశ అని కొత్త కంపెనీ ఎగిరింది. జనం మళ్లీ విమానాలెక్కడం మొదలుపెట్టారు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు కొంటామని, ఆ సంవత్సరం 4,200 మంది క్యాబిన్ సిబ్బందిని తీసుకుంటామని ప్రకటించింది. జూన్‌లో ఇండిగో ఒక్కసారే 500 విమానాలకు ఆర్డరిచ్చింది. ఆ ఏడాది దేశం లోపల తిరిగినవాళ్లు 15 కోట్ల 20 లక్షలు, కరోనా ముందుకన్నా ఎక్కువ.

ఇంత మంది ఎందుకు అని మేము కూడా అడిగాం. లెక్క సులువే. సుమారుగా యాభై సీట్లకు ఒకరు ఉండాలని ప్రభుత్వ నియమం. 180 సీట్ల విమానంలో నలుగురు ఉంటారు. ఆ నలుగురితో విమానం నడవదు. విమానం పొద్దున ఐదుకు లేస్తే రాత్రి పన్నెండు దాకా తిరుగుతుంది, మనిషి అన్ని గంటలు పనిచేయకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలని చట్టం. అందుకని ఒక్కో విమానానికి నలుగురు నలుగురుగా ఎన్నో జట్లు కావాలి. పవర్‌లూము షెడ్డులో షిఫ్టులు వేసినట్టే. కరోనాలో బయటికి పోయినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. దాంతో చిన్న ఊళ్ల పిల్లలకు కూడా దారి దొరికింది.

ఆ అమ్మాయి 2023లో మళ్లీ మా ఆఫీసుకి వచ్చింది. ఈసారి తండ్రి రాలేదు, తనే వచ్చింది. "పెద్దనాయినా, వచ్చే వారం హోటల్లో ఇంటర్వ్యూ పెడతా ఉన్నారు, పోతే చాలు, ఫీజు లేదు. పాస్‌పోర్టుకి, బూట్లకి, పన్ను ఒకటి సరిచేయించుకోడానికి ఎనిమిది వేలు కావాల" అంది.

మేము ఇయ్యలేదు. పాత అరవై వేలల్లో ముప్పై ఎనిమిది వేలు బాకీ ఉంది, దాని మీద ఇంకొక అప్పా అన్నాం. ఇంకో మాట కూడా అన్నాం, అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. "గాలిలో మేడలకు ఒకసారి ఇచ్చింది చాలదా" అన్నాం. ఆ పిల్ల ఏమీ అనలేదు. వాళ్ల చిన్నమ్మ దగ్గర తీసుకుని పోయింది.

మొదటిసారి తీసుకోలేదు. ఇంగ్లీషు మాట్లాడుతుంటే గొంతు వణికిందట. మూడు నెలల తర్వాత ఇంకో కంపెనీకి పోయింది. అక్కడ తీసుకున్నారు.

ఆ లక్షా ఇరవై వేల కోర్సు ఏమన్నా పనికొచ్చిందా అని మేము అడిగాం. జుట్టు ముడి వేసుకోడానికి పనికొచ్చింది పెద్దనాయినా అని నవ్వింది. అసలు సంగతి ఏమంటే అట్లాంటి కోర్సు చదివి ఉండాలని నియమమే లేదు. శిక్షణ కంపెనీయే ఇవ్వాలి, డీజీసీఏ ఒప్పుకున్న పద్ధతిలో ఇవ్వాలి. ఎయిర్ ఇండియా 2023లో అది పదిహేను వారాలని చెప్పింది. పన్నెండో తరగతి, అంటే మా దగ్గర పీయూసీ, పాసై ఉంటే చాలు. మేము చూసిన ప్రకటనల్లో కొత్తవాళ్లకు పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు ఏళ్లు, అమ్మాయిలకు 155 సెంటీమీటర్ల ఎత్తు, కనబడే పచ్చబొట్టు ఉండకూడదు. దుబాయి ఎమిరేట్స్ అయితే మునివేళ్ల మీద నిలబడి 212 సెంటీమీటర్ల ఎత్తు అందుకోవాలంటుంది. మన ఆడపిల్లలు జకార్డు పెట్టె మీద దారం సరిచేయడానికి రోజూ చేసే పనే అది. కానీ ఎత్తు తక్కువైతే ఏమీ చేయలేం. మా సంఘంలోనే ఇంకో పిల్ల, బంగారం లాంటి పిల్ల, 153 ఉంది. గోడ దగ్గర నిలబెట్టి కొలిచి రెండు నిమిషాల్లో పంపించినారు. ఇంట్లో ముందే గోడకు నిలబెట్టి కొలిచి ఉంటే బస్సు ఛార్జీ మిగిలేది, ఏడుపు తప్పేది.

కులపెద్దల్లో కొందరికి ఈ కొలువు నచ్చదు. అది మాకు తెలుసు. మా కమిటీలోనే ఒక అన్న లేచి, మన ఇంటి ఆడపిల్ల పోయి పరాయి మగవాళ్లకు తిండి పళ్లెం అందించాలా, సంబంధాలు ఎవరిస్తారు అన్నాడు. మేమూ మొదట అదే అనుకున్నాం.

ఆ పిల్ల శిక్షణ నుంచి మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల అరుగు మీద కూచుని అడిగాం, ఏం నేర్పినారమ్మా అని. తిండి బండి సంగతి మూడు మాటల్లో చెప్పింది. మిగతా గంటసేపు చెప్పింది వేరే. పొగ నిండితే మోకాళ్ల మీద ఎట్లా పాకాలి, తలుపు ఎట్లా తెరవాలి, తెరిచేముందు బయట మంట ఉందేమో అద్దంలోంచి ఎట్లా చూడాలి, గుండె ఆగినవాడి ఛాతీ ఎట్లా నొక్కాలి, పైన కాన్పు వస్తే ఏం చేయాలి. తొంభై సెకన్లలో విమానం ఖాళీ చేయించే లెక్క మీద అభ్యాసం చేయిస్తారట. నీళ్లలో దింపినారట. ఆ అన్న కూడా విన్నాడు. ఏమీ మాట్లాడలేదు, కాఫీ తాగి పోయినాడు.

2024 జనవరి 2న జపాన్‌లో హనేదా విమానాశ్రయంలో విమానం దిగుతూ ఇంకో దానికి గుద్దుకుని కాలిపోయింది, టీవీలో చూసే ఉంటారు. లోపల మైకు పనిచేయలేదు. సిబ్బంది చేతి మైకులతో, గొంతుతో అరిచి మొత్తం 379 మందినీ బయటికి తెచ్చారు. 1986లో కరాచీలో పాన్ యామ్ విమానాన్ని ముష్కరులు పట్టుకున్నప్పుడు నీరజా భనోత్ అనే అమ్మాయి, ఇంకా ఇరవై మూడు నిండలేదు, ప్రయాణికులను కాపాడుతూ చనిపోయింది. అశోక చక్రం ఇచ్చారు. తిండి పళ్లెం అందించే పని అని మనం అనుకుంటాం. మన తాతలు సావుకారు గుమ్మం ముందు చీర పట్టుకుని, చేతులు కట్టుకుని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడ్డారు. ఆ సంగతి మనం ఇంట్లో పిల్లలకు చెప్పం.

పెళ్లి సంగతి. ఒకప్పుడు ఎయిర్ ఇండియాలో మొదటి కాన్పు నిలిస్తే ఉద్యోగం పోయేది. ఆ నియమం చెల్లదని 1981లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కేసు వేసింది ఆ ఆడవాళ్లే. ఈ మాట మా మీటింగులో చెప్పినప్పుడు వెనక కూచున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టినారు, ముందు కూచున్న మేము నేల చూశాం.

అంతా తియ్యగా ఉందని చెప్పడం లేదు. మా పక్క వీధి పిల్ల ఒకతె చేరి ఎనిమిది నెలలకు వచ్చేసింది. తెల్లవారి మూడుకు కారు వస్తుంది, ఒకరోజు పగలు, ఒకరోజు రాత్రి, నిద్రకు లెక్క లేదు. జలుబుతో ఎగిరితే చెవి పోటు. ఉండలేకపోయింది. వాళ్లమ్మ మాకు చెప్పుకుని బాధపడింది. బాధపడేది ఏముంది, ఎనిమిది నెలలు సంపాదించుకుని వచ్చింది.

కంపెనీలు కూడా మన సంఘాల లాంటివే, ఈరోజు ఉంటాయి, రేపు తాళం. జెట్ ఎయిర్‌వేస్ అంత పెద్దది, 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మే 3న ఆగిపోయింది, అదీ జనం కిటకిటలాడే రోజుల్లో. ఇంజన్లు సమయానికి రాలేదని వాళ్లు చెప్పారు. అందులో పనిచేసే పిల్లలు మళ్లీ వేరే కంపెనీ లైనులో నిలబడ్డారు. ఈ కొలువు వచ్చింది కదా అని ఇంట్లో మగ్గం అమ్మేయకండి. మా ఊళ్లో ఒకరు అమ్మేశారు కూడా.

ఒక నవ్వు సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాం. ఎయిర్ ఇండియా అమ్మాయిలు ఎన్నో ఏళ్లుగా చీరే కడతారు కదా. 2023 డిసెంబరులో మనీష్ మల్హోత్రా చేత కొత్త వేషం చేయించారు, చీర కూడా కుట్టి సిద్ధంగా ఉండేది, తొడుక్కోవడమే. మా ఇంట్లో ఆడవాళ్లు ఫోనులో అది చూసి, చీరను చొక్కాలాగా తొడుక్కుంటారా అని పొట్ట పట్టుకుని నవ్వినారు. మా ముసలమ్మ మాత్రం రంగు కలిపిన తీరు బాగుంది అంది. ఆమె కళ్లు ఇంకా నేత కళ్లే.

ఇక మా రభస. ఆ అమ్మాయి ఉద్యోగం చేరిన ఆరో నెలలో వాళ్ల నాన్న బాకీ ముప్పై ఎనిమిది వేలూ ఒక్కసారే కట్టేసింది. వడ్డీ ఎంత అని అడిగింది. మేము కమిటీలో పెట్టి వడ్డీ కొట్టేశాం. దాని మీదే మొదలైంది. ఒకరికి వడ్డీ కొట్టేస్తే అందరికీ కొట్టేయాలి అన్నారు కొందరు. అదే సభలో ఇంకో ముగ్గురు తండ్రులు లేచి, మా పిల్లలకూ అప్పు ఇవ్వండి అన్నారు. అందులో ఇద్దరి చేతిలో మళ్లీ అదే రకం రంగుల పుస్తకం, వేరే సంస్థది, ఈసారి లక్షా ఎనభై. మా ఒళ్లు మండింది.

ఒక పెద్దాయన అన్న మాటకు మాత్రం మా దగ్గర జవాబు లేదు. "పొదుపు నిధి మగ్గం మీద కూచున్నవాడి మజూరిలోంచి కోసిన డబ్బు. మగ్గం వదిలి పోయేవాళ్లకు అది ఎట్లా ఇస్తారు?" అన్నాడు. న్యాయమైన మాటే. ఆయనకి పిల్లల్లేరు, డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా నేస్తున్నాడు. ఇప్పటికీ ఆయనతో మేము సరిగ్గా మాట్లాడలేకపోతున్నాం.

నాలుగు మీటింగులు పట్టింది. పదకొండు మందిలో ఏడుగురు ఒప్పుకున్నారు. తీర్మానం ఇది. ఉద్యోగం గ్యారంటీ అని డబ్బు అడిగే ఏ సంస్థ ఫీజుకీ సంఘం ఒక్క రూపాయి ఇవ్వదు. నిజమైన విమాన కంపెనీ ఇంటర్వ్యూకి డబ్బు అడగదు. మెయిల్ పంపి, డిపాజిట్ కట్టండి, యూనిఫారానికి కట్టండి అంటే అది మోసం, నేరుగా పోలీసు దగ్గరికి పోండి. పాస్‌పోర్టు, డాక్టరు, పన్ను, బూట్లు, బస్సు, బెంగళూరులో పీజీ అద్దె, వీటికి పదిహేను వేల వరకు ఇస్తాం. అమ్మాయికైనా, అబ్బాయికైనా. తల్లి సంతకం కూడా ఉండాలి, ఎందుకంటే కుదువకు పోయేది ఆమె గొలుసే. మొదటి జీతం వచ్చాకే వాయిదా మొదలు. ఉద్యోగం రాకపోతే ఏడాది ఆగుతాం. ఇంకొక వాక్యం మేమే పట్టుబట్టి రాయించాం. మగ్గాలు ఆగిన కాలంలో వసూలుకు ఎవరి ఇంటికీ కమిటీ పోకూడదు.

ఇప్పటికి ఐదుగురికి ఇచ్చాం. ఇద్దరికి కొలువు వచ్చింది, ఒకరు దిగువ పనిలో, అంటే విమానాశ్రయం కౌంటరులో చేరినారు, ఇద్దరు ఇంకా తిరుగుతున్నారు.

మీ ఊళ్లలో చేయాలనుకుంటే మేము పడ్డ తిప్పలు ఒకటి చెప్తాం, అది మొదట చూసుకోండి. పేర్లు. మన పిల్లలకి మార్క్స్ కార్డులో ఒక ఇనిషియల్, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో నాన్న పేరు. అన్నీ ఒకటి కాకపోతే పాస్‌పోర్టు కదలదు. మా ఐదుగురిలో ముగ్గురికి దీనికే నాలుగు నెలలు పోయింది. సోలాపూరులో మరాఠీ స్పెల్లింగు, సేలంలో తమిళ ఇనిషియల్, మీకు ఇంకా చిక్కు ఉంటుంది. పిల్ల పదో తరగతిలో ఉన్నప్పుడే సరిచేయించండి. ఇంకొకటి, ఇంగ్లీషు, హిందీ. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, మన పిల్లలకు రెండు భాషలు పుట్టుకతోనే వచ్చినాయి, ఇంటర్వ్యూలో అది రాసుకోమనండి. సిగ్గుపడి దాచుకుంటున్నారు.

ఆ అమ్మాయి మొన్న అమావాస్య రోజు డ్యూటీకి పోయింది. అమావాస్యకి మనం మగ్గం ముట్టం కదా, వాళ్లమ్మ ఫోను చేసి, ఈరోజు విమానం ఎక్కకపోతే ఏం అంటే, విమానానికి అమావాస్య లేదమ్మా అందంట. ఆమె ఆ రోజు సాయంత్రం మిద్దె ఎక్కి నిలబడింది. ఏ విమానంలో ఉందో తెలియదు, పోయిన ప్రతి దానికీ చేయి ఊపింది. మేము వీధిలోంచి చూశాం.

తీర్మానం నకలు, అప్పు ఫారం మా దగ్గర ముప్పై కాపీలు ఉన్నాయి. భోజనాల దగ్గర తీసుకోండి. తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. తమిళం, ఒడియా, మరాఠీ మీరే రాయించుకోవాలి.